రెండు సోలలు తక్కువ పట్టిన ఆముదం

1908వ సంవత్సరం, కార్తీక మాసం. మండపేటకు రెండు కోసుల దూరంలో, కాలువ గట్టున ఉన్న ఒక అగ్రహారం. ఊరి పేరు చెప్పను, ఆ ఇంటివాళ్ల పిల్లలు ఇంకా ఉన్నారు. నేను అప్పుడు ధవళేశ్వరంలో లాకుల తలుపులు, వాటిని ఎత్తి దించే పళ్లచక్రాలు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరుని. ఫిట్టరంటే యంత్రాన్ని విప్పి, అరిగినదాన్ని సరిచేసి, మళ్లీ బిగించేవాడు. ముప్పై ఏళ్లకు పైగా అదే పని చేశాను. స్టీము లాంచీలు విప్పాను, రోడ్డు రోలర్లు విప్పాను, ధాన్యం మిల్లు ఇంజన్ల కింద పడుకున్నాను. నీ ఉద్యోగంలో బాగా భయపడిన రోజేదని ఎవరైనా అడిగినప్పుడు, బాయిలరు గురించో, వరదలో ఇరుక్కున్న లాకు తలుపు గురించో చెబుతాననుకుంటారు. నేను చెప్పేది ఒక మోటారు బండికి ఇంటి వాకిట్లో నూనె మార్చిన రోజు గురించి.

ఆ బండి వెంకటరత్నం పంతులుగారిది. నాలుగు వందల ఎకరాల ఆసామి, మద్రాసులో చదువుకున్నవారు, ముప్పై ఏళ్లు దాటని మనిషి. మద్రాసులో ఒక దొర పరుగు పందాల కోసం సీమ నుంచి తెప్పించుకుని, మోజు తీరాక అమ్మేస్తే కొన్నారు. ఎర్ర రంగు, రెండే సీట్లు, పైన కప్పు లేదు. సీట్ల వెనక పనిముట్ల పెట్టె, అంతే. ఆ బండి గట్టు మీద పోతుంటే పడవ లాగే కూలీలు తాడు వదిలేసి పొలంలోకి దూకేవాళ్లట. ఈ మాట నాకు చెప్పింది నేను ఎక్కి వచ్చిన పడవ సరంగే. ఇంకో మాట కూడా చెప్పాడు. ఎడ్లబండి కొమ్ము తగిలి మోటారు రంగు గీసుకుపోతే, పంతులుగారు ఆ బండివాణ్ని గుర్రపు కొరడాతో కొట్టారట. వాడు నెల రోజులు బోర్లా పడుకున్నాడట.

నన్ను పిలిపించిన కారణం విచిత్రమైనది. బండితోపాటు మద్రాసు నుంచి ఒక రేకు డబ్బా వచ్చింది. వెనక ఇరుసులో పోసే జిడ్డు అది. పంతులుగారి గుమాస్తా ఒకనాడు తన ఇంగ్లీషు అందరికీ వినిపించాలని ఆ డబ్బా మీది చీటీ పైకి చదివాడు. చదివి ఊరుకోక అర్థం కూడా చెప్పాడు. అందులో టాలో అన్న మాట ఉంది. అంటే పశువుల కొవ్వు. ఆ మాట వంటింటి దాకా వెళ్లడానికి ఎంతోసేపు పట్టలేదు. పంతులుగారి తల్లి లక్ష్మీనరసమ్మగారు అప్పటికి వారం రోజుల ముందే కార్తీక స్నానానికి కొడుకు మోటారులో గోదావరికి వస్తానని ఒప్పుకుని ఉన్నారు. ఇప్పుడు ససేమిరా అన్నారు.

“గొడ్డు కొవ్వు కడుపులో పెట్టుకున్న బండెక్కి గోదారి స్నానానికి రమ్మంటావుట్రా?” అన్నారట.

అమ్మను మోటారులో తీసుకెళ్తున్నానని పంతులుగారు అగ్రహారమంతా చెప్పుకుని ఉన్నారు. ఆ కొవ్వు తీసేసి వేరే నూనె పోయగల మనిషి కావాలని మా ఓవర్సీరుగారికి కబురు పెట్టారు. మా షాపులో ఆ పని తెలిసినవాళ్లు ఇద్దరం. రెండోవాడు కొవ్వు ముట్టుకోనన్నాడు. నేను లూథరన్ మిషను వాణ్ని, నాకు ముట్టుకోవడానికి అడ్డేమీ లేదని ఓవర్సీరుగారే తేల్చేశారు. నన్నెవరూ అడగలేదు.

ఇక్కడ పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. మోటారుకు వెనక రెండు చక్రాల మధ్య, ఇరుసు నడుమ, గుమ్మడికాయంత ఇనుప పెట్టె ఉంటుంది. దాన్ని డిఫరెన్షియల్ అంటారు. కళ్లంలో నూర్పిడి ఎడ్లను చూసినవాళ్లకు ఇది సులువుగా తెలుస్తుంది. గుంజ దగ్గరి ఎద్దు మెల్లగా తిరుగుతుంది, బయటి ఎద్దు ఎక్కువ దూరం నడవాలి. మలుపులో బండి చక్రాలకూ అంతే. రెండింటినీ ఒకే ఇరుసుకు గట్టిగా బిగిస్తే మలుపు తిరగలేవు. ఆ పెట్టెలోని పళ్లచక్రాలు దేని నడక దానికి పంచి ఇస్తాయి. తిన్నగా పోయేటప్పుడు పెద్ద చక్రం తిరుగుతూ ఉంటుంది గానీ లోపలి చిన్న చక్రాలకు పెద్దగా పని ఉండదు. మలుపులోనే అవి ఒకదాని మీద ఒకటి దొర్లుతాయి. నేను దీన్ని మొదట చూసింది ఆవిరి రోడ్డు రోలరులో.

ఆ పెట్టెకు మూడు దారులు. అడుగున నూనె వదిలేందుకు ఒక బెజ్జం, పక్కన నూనె పోసేందుకు ఒక బెజ్జం, పైన చెయ్యి పట్టేంత వెడల్పున ఒక మూత. నూనె మార్చేటప్పుడు ముందు పక్క బెజ్జం మర తిప్పి చూసుకోవాలి, తర్వాతే అడుగుది తెరవాలి. పక్కది తుప్పు పట్టి రాకపోతే, ఉన్న నూనె వదిలేసుకుని కొత్తది పోయలేక కూర్చోవాలి. ఇంకో అలవాటు కూడా ఉంది నాకు. తీసిన నూనె ఎంతో కొలుస్తాను, పోసిన నూనె ఎంతో కొలుస్తాను.

పొద్దున్నే పంతులుగారిని ఊరి చివరిదాకా ఒకసారి బండి నడిపి తీసుకురమ్మన్నాను. జిడ్డు వేడెక్కితే గానీ కారదు. తర్వాత పదిమంది పాలేర్లు బండిని ముందూ వెనకా ఎత్తితే కింద దుంగలు పెట్టాను. రసమట్టం పెట్టి చూసి, నలువైపులా సమంగా ఉందని రూఢి చేసుకున్నాకే కిందికి దూరాను. వాకిట్లో పనివాళ్లంతా దూరంగా నిలబడ్డారు. అరుగు మీద పంతులుగారు కొరడా మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. ఊరికే పెట్టుకున్నారో, అలవాటో తెలియదు. నాకు మాత్రం బండి కింద ఉన్నంతసేపూ ఆ కొరడా కొసే కనిపించింది.

అడుగు మర తీయగానే పసుపూ నలుపూ కలిసిన ముద్ద జారింది. కొవ్వు వాసన గుప్పుమంది. అరుగు మీదివాళ్లు ముక్కులు మూసుకున్నారు. నా సొంత రేకు సోలతో కొలిచాను. ఆరు సోలలు. పైనున్న పనిముట్ల పెట్టె, దాని కింది పలక తీసి, ఇరుసు పెట్టె పై మూత తెరిచి, కిరసనాయిలు గుడ్డతో లోపల పళ్ల సందుల్లో కూడా తుడిచాను. చివరికి వేలు పెట్టి రాస్తే జిడ్డు అంటలేదు.

కొత్తగా పోయడానికి ఆముదం అనుకున్నాం. ఇంట్లో కాచిన ఆముదం కడవల్లో ఉంది గానీ వద్దన్నాను. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి తీసే ఆముదంలో ఎంత కాచినా నీటి చెమ్మ ఉంటుంది.

“నీటి బొట్టు ఉంటే ఏమవుతుందిరా?” అని అడిగారు పంతులుగారు.

“నీళ్లు బరువండి, అడుక్కి దిగిపోతాయి. చక్రాలు మునిగేది అడుగునే గదండీ. నూనె పైన తేలుతుంటే పళ్లు నీళ్లలో తిరుగుతాయి. ఇనుముకి ఇనుము రాసుకుని వేడెక్కుతాది. ఎక్కడో ఓ చోట పట్టేస్తాదండి” అన్నాను.

ఆయన తల ఊపి గానుగ ఆముదం తెప్పించారు. ఈ మాటలు అరుగు దగ్గరే ఆగిపోయాయి, లోపలికి ఎవరూ చేరవేయలేదు.

మధ్యాహ్నం భోజనానికి నన్ను వెనక పశువుల చావిడి దగ్గరికి పంపారు. వెళ్లే ముందు అడుగు మరకు కొత్త తోలు వాషరు వేసి బిగించాను. పై మూత ఇంకా వేయలేదు, దుమ్ము పడకుండా అరిటాకు కప్పాను. తిని, నీళ్లు తాగి, చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆకు అలాగే ఉంది. పంతులుగారు నిద్ర లేచి వచ్చి నిలబడ్డారు.

“పొద్దు వాలకముందే ధవళేశ్వరం చేరాలి, తెల్లారగట్ల అమ్మ స్నానం ఉంది. కానీ” అన్నారు.

ఆకు తీశాను, మూత పెట్టాను, మరలు బిగించాను. లోపలికి మళ్లీ చూడలేదు. తిండికి వెళ్లే ముందు అద్దంలా తుడిచి వెళ్లాను కదా అనుకున్నాను. ఈ తప్పు నాదే, ఎవరి మీదా పెట్టను.

పక్క బెజ్జంలోంచి ఆముదం పోయడం మొదలుపెట్టాను. ఆముదం చిక్కన, మెల్లగా దిగుతుంది, తొందర పడకూడదు. ఒక సోల, రెండు, మూడు, నాలుగు. నాలుగో సోల పూర్తవుతుండగానే బెజ్జం అంచు మీదుగా నూనె కారింది. అలా కారిందంటే పెట్టె నిండినట్టు.

ఇంకా సర్దుకోలేదేమో అని కాసేపు ఆగాను. చక్రం చేత్తో తిప్పాను. మళ్లీ పోశాను. పోసింది పోసినట్టే బయటికి కారింది. రసమట్టం చూశాను, బండి సమంగానే ఉంది. ఆరు సోలలు తీసిన చోట నాలుగే పట్టాయి. ఖాళీ పెట్టెలో రెండు సోలల చోటు ఏదో ఆక్రమించుకుని ఉంది.

వెంటనే గుడ్డలు లెక్కపెట్టాను. ఇంటి నుంచి అయిదు తెచ్చాను. నాలుగున్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. నాలుగే. లోపల తుడిచిన పెద్ద గుడ్డ, మా ఆవిడ పాత చీర చెంగు, అది లేదు.

పళ్లచక్రాల పెట్టెలో గుడ్డ ఉండిపోతే ఏమవుతుందో ఫిట్టరుకు వేరే చెప్పక్కర్లేదు. మా షాపులో ఒక లాకు గేరులో చొక్కా చేయి ఇరుక్కుంటే మనిషి మోచేయి పోయింది. ఇది చేయి కాదు, బండి. తిన్నగా పోయినంతసేపూ గుడ్డ ఒక మూల పడి ఉండొచ్చు. మలుపులో చిన్న చక్రాలు దొర్లడం మొదలుపెట్టగానే దాన్ని లాక్కుంటాయి. వెనక రెండు చక్రాలూ ఒక్కసారిగా బిగుసుకుపోతాయి. దారి పొడుగునా ఒక పక్క నిండు కాలువ, ఇంకో పక్క రెండు నిలువుల లోతున పొలం.

“ఏరా యోహానూ, అయిందా?” అన్నారు పంతులుగారు నా తల మీది నుంచి.

“అయిందండి” అన్నాను.

ఆ మాట నేను అనలేదు, నా నోరు అంది. గొంతులో ఇంకో మాట ఉంది: ఒక్క గంట ఇవ్వండి, మళ్లీ విప్పి చూడాలి. కానీ విప్పితే గుడ్డ బయటపడుతుంది. అది చూస్తే ఆయన కొరడా అందుకుంటారు, మా వర్క్‌షాపు పెద్ద దొరకు ఉత్తరం రాస్తారు. అగ్రహారం మొత్తం వాకిట్లో నిలబడి ఉంది. నాకు వీపు జలదరించింది. గుడ్డ ఎక్కడో పడి ఉంటుందిలే, లెక్క తప్పి ఉంటానులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో కొలత తప్పిందని తెలిసీ చేయి తుడుచుకున్నది ఆ ఒక్కసారే.

బండిని దుంగల మీంచి దించారు. లక్ష్మీనరసమ్మగారు బయటికి వచ్చారు. తెల్లచీర, తల మీద ముసుగు, చేతిలో స్నానానికి కావలసిన చిన్న మూట. ఆవిడ వేలు పట్టుకుని ఆరేళ్ల మనవరాలు బుల్లెమ్మ. ఆ పిల్ల కూడా వస్తుందని నాకు అంతవరకూ తెలియదు.

“కొవ్వంతా పోయిందా?” అని ఆవిడ కొడుకుని అడిగారు.

“చుక్క లేకుండా తుడిచాడమ్మా. వీణ్ని కూడా తీసుకెళ్దాం. దారిలో ఏదైనా అయితే చూస్తాడు. వెనక పెట్టె మీద కూర్చుంటాడు, నీకు తగలడు.”

ఆవిడ ఒకసారి నావైపు చూసి, “సరే కానీ” అన్నారు.

అలా నేను పనిముట్ల పెట్టె మీద, డిఫరెన్షియల్‌కు సరిగ్గా పైన కూర్చున్నాను. మిగిలిన ఆముదం డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను. ముందు పంతులుగారు స్టీరింగు చక్రం పట్టుకుని, పక్కన తల్లి, ఆవిడ ఒళ్లో పిల్ల. బండి కదిలింది. ఊరు దాటగానే గట్టు ఎక్కింది. కాలువ పోటెత్తి ఉంది, అవతల వరిచేలు పొట్ట పగిలి పచ్చగా ఉన్నాయి. అవేవీ నా కంటికి ఆనలేదు. నా ప్రాణమంతా నేను కూర్చున్న చోటే ఉంది.

ఇంజను మోతలో కింది చప్పుడు వినాలని చూశాను. పెట్టె పలకకు అరచేయి ఆనించి అదురు పట్టుకున్నాను. సన్నని జుమ్మన్న అదురు. అది మామూలుదా, కాదా? పొద్దున పంతులుగారు నడిపినప్పుడు నేను వినలేదు, పోల్చుకోవడానికి ఏమీ లేదు. మొదటి మైలు తిన్నటి దారి. రెండో మైలులో చిన్న వంపు వచ్చింది. పళ్లు బిగించి కళ్లు మూసుకున్నాను. కింద ఏదో కరకరమన్నట్టు అనిపించింది. బండి వంపు దాటింది. నాకు చెమట మెడ మీంచి వీపులోకి కారింది.

పంతులుగారికి హుషారు ఎక్కింది, వేగం పెంచారు. ఎదర పడవ లాగేవాళ్లు తాడు నీళ్లలోకి జారవిడిచి పక్కకు గెంతారు. బుల్లెమ్మ నవ్వుతూ నాయనమ్మ భుజం మీంచి వెనక్కి తిరిగి నన్ను చూసింది. చిన్న చేయి సీటు మీద పెట్టింది.

“నువ్వు భయపడుతున్నావా?” అని అరిచింది.

నేను లేదన్నట్టు తల ఊపాను. ఆ పిల్లకు కూడా అబద్ధమే చెప్పాను.

ఈ గట్టు నాకు బాగా తెలుసు. ఇంకో మైలు పోతే లాకు వస్తుంది. అక్కడ గట్టు ఒక్కసారిగా కుడికి తిరిగి, వెంటనే ఎడమకు తిరిగి, ఇరుకు వంతెన ఎక్కుతుంది. ఆ రెండు మలుపుల్లోనూ లోపలి చక్రాలు గట్టిగా దొర్లుతాయి. వంతెనకు పిట్టగోడ మోకాలెత్తు కూడా ఉండదు. లాకు పక్క నాలుగు నిలువుల నీళ్లు.

“ఆపండి” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఇంకా గట్టిగా అన్నాను, “అయ్యగారూ, ఆపండి.” ఇంజను మోతలో కలిసిపోయింది. లాకు తలుపుల మీది ఇనుప చక్రాలు దూరంగా కనిపించాయి. ఇక ఆయనకు తెలియజేయడానికి ఒకటే దారి ఉంది, ఆయన్ని ముట్టుకోవడం. పుణ్యస్నానానికి వెళ్తున్న పంతులుగారిని, మడిచీర కట్టుకున్న తల్లి పక్కన, నాలాంటివాడు. చేయి ముందుకు చాపాను, వెనక్కి తీసుకున్నాను. మళ్లీ చాపాను. కుడి మలుపు రెండు తాటిచెట్ల పొడుగు దూరంలో ఉండగా, ఆయన భుజం పట్టుకుని గట్టిగా లాగాను.

బండి గట్టు అంచుదాకా ఊగి ఆగింది. ఇంజను ఆరిపోయింది. కాలువ నీళ్ల చప్పుడు వినపడింది. పంతులుగారు కిందికి దూకారు, చేతిలో కొరడా ఉంది. నేను కూడా దిగి నిలబడ్డాను. బండి అంచు పట్టుకున్నాను.

“ఒరేయ్, నన్నే ముట్టుకుంటావురా?”

“వాణ్ని తర్వాత కొడుదువుగాని,” అన్నారు లక్ష్మీనరసమ్మగారు సీట్లోంచి కదలకుండా. “ముందు ఎందుకు ముట్టుకున్నాడో అడుగు.”

చెప్పాను. ఆరు సోలలు తీశాననీ, నాలుగే పట్టాయనీ, ఒక గుడ్డ కనపడలేదనీ, అది లోపల ఉంటే ఆ మలుపులో అందరం కాలువలో ఉంటామనీ చెప్పాను. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పంతులుగారి ముఖం పాలిపోయింది. తల తిప్పి వంతెన వైపు చూశారు. కొరడా కిందికి దిగింది.

“విప్పు” అన్నారు.

కిందికి దూరి అడుగు మర వదులు చేశాను. నూనె వస్తుందనుకుని ఆముదం డబ్బా మూత పట్టాను. నూనె రాలేదు. పల్చగా, పచ్చగా నీళ్లు వచ్చాయి. సన్నని ధారగా మూత నిండి గట్టు మీది మట్టిలోకి ఇంకాయి. పసుపు వాసన, ఆవు పంచితం వాసన. రెండు సోలలు కారాక అప్పుడు ఆముదం మొదలైంది, అది కూడా మజ్జిగలా తెల్లగా విరిగి.

బయటికి వచ్చి ఆ మూతలోని నీళ్లు పంతులుగారికి చూపించాను.

“అవి నేను పోసినవే” అన్నారు లక్ష్మీనరసమ్మగారు. ఆవిడ గొంతులో తప్పు చేసిన బెరుకు లేదు. “నువ్వు నిద్రపోతున్నావు, వీడు తిండికెళ్లాడు. గొడ్డు కొవ్వు పోయినంత మాత్రాన సరిపోతుందిట్రా? మైల పోవద్దూ? పసుపు నీళ్లలో పంచగవ్యం కలిపి, నలకలు లేకుండా మడిబట్టలో వడగట్టే పోశాను. ఆకు తీసి మళ్లీ ఆకు కప్పించాను. కొవ్వంటిన ఆ పాతగుడ్డ పక్కనే పడుంటే, కర్రతో తీయించి పెంటలో పాతిపెట్టించాను.”

పొద్దున నేను నీళ్ల గురించి చెప్పింది పంతులుగారికి గుర్తొచ్చిందని ముఖం చూస్తేనే తెలిసింది. కొరడా సీటు కింద పడేసి, నేను ముట్టుకున్న భుజం తడుపుకోవడానికి కాలువలోకి దిగారు.

గుడ్డ లేదు. పెద్ద చక్రం అప్పటికే అడుగున నీళ్లలో తిరుగుతూ వచ్చింది. పై మూత తీసి వేలు పెడితే, పళ్ల మీద సన్నని ఇనుప రజను అంటింది, వేలు చురుక్కుమంది. అలా ధవళేశ్వరం దాకా పోయి ఉంటే ఎక్కడో పట్టేసేదే. ఈ లాకు మలుపులోనే పట్టేసేదా అంటే చెప్పలేను. పట్టేయకుండా చేరినా చేరేదేమో. మా పనిలో జరగని దాని గురించి ఖాయంగా చెప్పేవాణ్ని నేను నమ్మను.

మిగిలిన మంచి గుడ్డలతో లోపల తుడుస్తున్నాను. బుల్లెమ్మ గట్టు మీద గడ్డి పరకలు పీకుతోంది. లక్ష్మీనరసమ్మగారు బండి దిగి, నాకు నాలుగడుగుల దూరంలో నిలబడ్డారు. ఆవిడ నాతో నేరుగా మాట్లాడడం అదే మొదటిసారి.

“నూనె తక్కువ పట్టిందని నీకు ఇంటి దగ్గరే తెలుసునా అబ్బీ?”

“తెలుసండి అమ్మగారూ.”

“మరి అక్కడే చెప్పలేదేం?”

“భయమేసిందండి.”

ఆవిడ మనవరాలివైపు చూశారు. ఆ పిల్ల పరకలన్నీ కట్టగా పేర్చి దేనికో ముడి వేస్తోంది.

“దీన్ని ఎక్కించాక కూడానా?” అన్నారు.

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు. నేను పైకి చూడలేకపోయాను. చేతిలో గుడ్డ ఉంది, తుడుస్తూనే ఉన్నాను, తుడవడానికి ఏమీ మిగలని చోట కూడా తుడిచాను. ఆవిడ ఇంకాసేపు నిలబడి, వెళ్లి సీట్లో కూర్చున్నారు.

విరిగిన నూనె పారబోసి, లాకు కావలివాడి ఇంట్లో ఇంకో నాలుగు సోలల గానుగ ఆముదం అడిగి తెచ్చి, డబ్బాలోదానితో కలిపి పోశాను. ఈసారి సరిగ్గా ఆరు సోలలు పట్టాయి. లాకు మలుపులు పంతులుగారు నడిచే మనిషి వేగంతో తిప్పారు. పొద్దు గుంకే వేళకు ధవళేశ్వరం చేరాం. దిగేటప్పుడు ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, మా దొరకు ఉత్తరమూ రాయలేదు. కొరడా దెబ్బ తినకుండానే ఇంటికి వచ్చాను. ఆ రాత్రి మా ఆవిడ అన్నం పెడితే సహించలేదు.

ఈ అనుభవం చెబితే చాలామంది, అయితే తిండికి వెళ్లి వచ్చాక మళ్లీ లోపల చూసుకోవాలన్నమాట, అంటారు. అది నిజమే. నేను ఆ తర్వాత ఎప్పుడూ చూడకుండా మూత వేయలేదు. ఇంటివాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, పని గురించి ముందుగా చెప్పడం కూడా అప్పుడే నేర్చుకున్నాను. లక్ష్మీనరసమ్మగారు తనకు తెలిసిన శుద్ధి తను శ్రద్ధగా చేశారు. ఆవిడకు నీళ్ల సంగతి చెప్పినవాళ్లు లేరు. కానీ నాకు ఆ రోజు నేర్పింది అది కాదు.

ఆ మూడు మైళ్లూ పెట్టె మీద కూర్చుని, నేను ఆ పిల్ల కోసం భయపడుతున్నాననే అనుకున్నాను. వణికిపోయాను, ప్రార్థన కూడా చేశాను. ఆవిడ అడిగాక గానీ తెలియలేదు. పిల్ల కోసం భయపడి ఉంటే వాకిట్లోనే చెప్పేవాణ్ని. నేను భయపడింది నా వీపు కోసం.